గేమ్ ఎన్ని గంటలుంటే చాలు? విచర్ 3 మూడోసారి మధ్యలో వదిలేసి అడుగుతున్నా

సిల్క్‌బోర్డ్_బాధితుడు
నిన్న రాత్రి విచర్ 3 అన్‌ఇన్‌స్టాల్ చేశా. మూడోసారి. అది 2015లో వచ్చింది, అప్పటికి నాకు పెళ్లి కాలేదు, తల నిండా జుట్టుండేది. ఇప్పుడు రెండూ తిరగబడ్డాయి కానీ నేనింకా మొదట్లో వచ్చే వెలెన్ అనే ప్రాంతం దాటలేదు. ప్రతిసారీ ఒకటే కథ. రెండు వీకెండ్లు ఊపు మీద ఆడతా, తర్వాత ఆఫీసులో రిలీజో, ఊళ్లో ఎవరిదో పెళ్లో వస్తుంది, మూడు వారాలాగి తెరిస్తే ఏ బటన్ నొక్కితే ఏం జరుగుతుందో తెలీదు, ఎవడికి ఏం మాటిచ్చానో తెలీదు, సరే మొదట్నుంచి ఆడదాంలే అని న్యూ గేమ్ కొడతా. మొదటి ఊరు వైట్ ఆర్చర్డ్‌లో గ్రిఫిన్ అని రెక్కల రాక్షసి ఉంటుంది, దాన్ని ఇప్పటికి మూడుసార్లు చంపా, ఈపాటికి దానికి నా మొహం గుర్తుండిపోయుంటుంది.

బీటీఎం నుంచి వైట్‌ఫీల్డ్ పోయి రావడంలోనే ప్రాణం పోతుంది, వారానికి నాలుగు గంటలు దొరికితే పండగ. కథ మాత్రమే ఆడినా యాభై గంటలంటున్నారు, దారిలో కనపడ్డవాడి పనల్లా చేసిపెడితే వంద. వందని నాలుగుతో భాగిస్తే ఇరవై ఐదు వారాలు. ఆర్నెల్లు ఒకే గేమ్! ఆర్నెల్లలో మా అపార్ట్‌మెంట్ ముందు రోడ్డు రెండుసార్లు తవ్వేస్తారు.

అందుకే అడుగుతున్నా, మీ లెక్కలో ఒక గేమ్ ఎన్ని గంటలుంటే కరెక్టు? "గేమ్‌ని బట్టి ఉంటుంది" అనే సమాధానం చెప్పినవాళ్లు గోడకి కుర్చీ వేయాలి.

ఒక్క_లైఫు
పన్నెండు. మహా అయితే పదిహేను. థ్రెడ్ లాక్ చేసేయండి.

నిజామాబాద్_నింజా
గేమ్‌ని బట్టి ఉంటదన్నా

సిల్క్‌బోర్డ్_బాధితుడు
@నిజామాబాద్_నింజా కుర్చీ వెయ్యి.

హాస్టల్_హీరో
పన్నెండు గంటలేంటన్నా?? కొత్త గేమ్ ఐదు వేలు, శని ఆదివారాల్లో అయిపోతే సోమవారం నుంచి గోడ చూస్తూ కూర్చోవాలా. నేను యలహంక దగ్గర ఇంజినీరింగ్, పీజీలో ఉంటా, నాకు సెమిస్టర్‌కి ఒక్క గేమే బడ్జెట్, అది కూడా సేల్ పడితేనే. ఎల్డెన్ రింగ్ సగం ధరకి కొన్నా, 140 గంటలు దాటింది, ఇంకా ఆడుతున్నా. గంటకి ఎంత పడిందో మీరే లెక్కేయండి, మా మెస్‌లో ఇడ్లీ కూడా ఆ రేటుకి రాదు. మీ దగ్గర టైం లేదు, నా దగ్గర డబ్బుల్లేవు, అందుకే మీకు చిన్నవి నచ్చుతాయి నాకు పెద్దవి నచ్చుతాయి, అంతే.

పెసరట్టు64
@హాస్టల్_హీరో తమ్ముడూ ఆ రూపాయి లెక్కలో పోతే పేకముక్కలంత చవకైన గేమ్ ఇంకోటి లేదు, కొనుక్కుని ముసలాడివయ్యేదాకా ఆడుకో. హోటల్‌కెళ్లి అన్నం ఎన్ని కిలోలు పెట్టాడని తూకం వేయం కదా. పోర్టల్ (2007) మొత్తం మూడు గంటలు. మూడు! అందులో ఒక్క గది కూడా తీసేయడానికి లేదు. ఒక గదిలో ఒక కిటుకు నేర్పిస్తాడు, పక్క గదిలో దాన్నే తిరగేసి నీ మీదకి వదుల్తాడు, నువ్వు ఆరితేరావు అనుకునే టైంకి అయిపోతుంది. అదే గేమ్ ముప్పై గంటలు లాగి ఉంటే ఈరోజు ఎవడూ తలుచుకునేవాడు కాదు.

హాస్టల్_హీరో
పోర్టల్ ఉదాహరణ చెల్లదన్నా, చాలామందికి అది ఆరెంజ్ బాక్స్ అనే గేముల ప్యాక్‌లో హాఫ్ లైఫ్ 2, టీమ్ ఫోర్ట్రెస్ 2 పక్కన కొసరుగా వచ్చింది. కొసరు వేసిన వంకాయ పుచ్చు లేకపోతే ఎవడైనా మెచ్చుకుంటాడు. ది ఆర్డర్ 1886 సంగతేంటి మరి, 2015లో ఫుల్ రేటు పెట్టి ఆరేడు గంటలు ఇస్తే జనం ఎంత గోల చేశారు?

కర్నూల్_క్రాటోస్
నేను ఆడినా అది. పొడుగు తక్కువని కాదప్పా తిట్టింది జనం. సగం గేమ్ వాడు నడుస్తా ఉంటాడు మనం చూస్తా ఉంటాం, మధ్యలో ఫలానా బటన్ నొక్కు అని వస్తాది, నొక్కితే మళ్లీ సినిమా. నాకైతే ఆ ఆరు గంటలే ఎక్కువైపాయ.

నా వరకు కరెక్టు అంటే గాడ్ ఆఫ్ వార్ 2018ది. కథ ఇరవై గంటల చిల్లర. తండ్రి క్రాటోస్, కొడుకు, ఒక బూడిద సంచి, కొండ ఎక్కాల, అయిపాయ. తర్వాత రాగ్నరోక్ తెచ్చినారు, పెద్దది చేసినారు, బాగుంది కాదనను, కానీ ఆ ఐరన్‌వుడ్ దగ్గర కొడుకుతో యాక్ (జడలబర్రె) ఎక్కి పండ్లు కోస్తా తిరిగేది ఉందే, నా క్రాటోస్ యాడ ఉన్నాడు రా నాయనా అని కంట్రోలర్ కింద పెట్టి టీ పెట్టుకొని వచ్చినా. వచ్చినాక కూడా పండ్లే కోస్తా ఉన్నాం.

ప్లాటినం_తాత
ఐరన్‌వుడ్ మీద ఒక్క మాటంటే ఊరుకోను. ఎప్పుడూ నరకడమేనా, కాస్త ఊపిరి తీసుకోవద్దా?

నేను లెంగ్త్ పార్టీ. అస్సాసిన్స్ క్రీడ్ వాల్హల్లా నూటయాభై గంటలాడి ప్లాటినం (అన్నీ సాధిస్తే వచ్చే ట్రోఫీ) కొట్టా. కొండ మీద రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చే ఆట ఉంటుంది అందులో, అందరూ తిట్టేదే, నాకది ఇష్టం. ఆఫీసులో పదిమంది నా నెత్తినెక్కి తొక్కిన రోజు ఇంటికొచ్చి రాళ్లు పేర్చుకుంటా. కథ ఎటుపోయిందో నాకనవసరం. అది నా తోటపని అనుకోండి.

ఒక్క_లైఫు
తాతా నువ్వు చెప్పింది వింటే ఆ రాళ్లు మా ప్రాజెక్ట్ మేనేజర్ నెత్తిన పేర్చాలనిపిస్తోంది

పాజ్_నొక్కండి
మీరంతా మొత్తం ఎన్ని గంటలు అని కొట్టుకుంటున్నారు, నా బాధ వేరే. నాకు రెండేళ్ల పాప. రాత్రి పదింటికి పడుకుంటే పదకొండు దాకా నాది, మధ్యలో లేస్తే అదీ లేదు. నాకు గేమ్ ఇరవై గంటలా రెండొందలా అన్నదానితో పని లేదు, ఒక్కసారి కూర్చుంటే ఎంతసేపట్లో వదిలి లేవచ్చు అన్నదే కావాలి. ఎక్కడంటే అక్కడ సేవ్ అయ్యే గేమ్ అరవై గంటలున్నా సంతోషంగా ఆడేస్తా. ఎనిమిది గంటల గేమే అయినా నలభై నిమిషాలకో చెక్‌పాయింట్ ఉంటే అది నాకు శిక్ష. ఒకసారి ఎల్డెన్ రింగ్‌లో బాస్ (పెద్ద శత్రువు) రక్తం ఇంతే మిగిలింది, లోపల పాప "అమ్మా" అంది, ఆ గేమ్‌లో పాజ్ లేదు. లేచి వెళ్లిపోయా. ఎల్డెన్ రింగ్ వాళ్లకి పిల్లల్లేరేమో అనుకున్నా.

హేడిస్ చూడండి. ఒక రన్, అంటే బయల్దేరిన దగ్గర్నుంచి చచ్చేదాకానో గెలిచేదాకానో, అరగంట. చచ్చినా ఇంటికే వస్తాం, ఇంట్లో వాళ్లు రెండు కొత్త మాటలు మాట్లాడతారు, కథ ఒక అడుగు ముందుకి పడుతుంది. లెక్కేస్తే నేనందులో తొంభై గంటలు ఉన్నా, ఒక్కరోజూ పెద్ద గేమ్ ఆడుతున్నట్టు అనిపించలేదు.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
@పాజ్_నొక్కండి మేడం మీరు చెప్పింది నాకు సరిగ్గా తగిలింది. విచర్‌లో సేవ్ ఎక్కడైనా అవుతుంది నిజానికి. కానీ నేను మర్చిపోయేది తల్లో ఉన్న సేవ్. మూడు వారాల తర్వాత ఆ గేమ్ "నువ్వు ఫలానావాడివి, ఫలానా చోట ఆగావు, ఇదిగో నీ కత్తి" అని గుర్తు చేస్తే చాలు. లోడింగ్‌లో జరిగిన కథ చెప్తాడు ఒక ముసలాయన, పాపం మంచాయన, కానీ ఆయన చెప్పేసరికి నాకు లోడింగ్ అయిపోతుంది.

పెసరట్టు64
నీకు కావల్సింది డైలీ సీరియల్‌లో "ఇప్పటివరకు జరిగిన కథ".

రాత్రి_రెండు
అవతలి పక్షాన ఎవరో ఒకరు గట్టిగా మాట్లాడాలి కాబట్టి నేను మాట్లాడతా. తాత మాట్లాడాడు కానీ ఆయన రాళ్ల గురించి మాట్లాడాడు.

రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 కథ యాభై గంటలు. మొదటి మూడు గంటలు మంచులో గుర్రం ఈడ్చుకుంటూ పోతాం, నా రూమ్మేట్ అక్కడే పారిపోయాడు. తుపాకీ తుడవాలి, గడ్డం పెరుగుతుంది, అన్నం తినాలి, గుర్రానికి మాలీషు చేయాలి. నా గుర్రానికి గంగ అని పేరు పెట్టుకున్నా, మా అమ్మమ్మ గారింట్లో గేదె పేరు. క్యాంపులో రాత్రిళ్లు మంట చుట్టూ కూర్చుని ఎవడో పాట పాడతాడు, అక్కడ ఊరికే కూర్చున్న రోజులున్నాయి, మిషన్ లేదు ట్రోఫీ లేదు. ఆ యాభై గంటలూ అలా గడిచాయి కాబట్టే చివర్లో హీరో ఆర్థర్ ఆ కొండ మీదకి వెళ్లేటప్పుడు గంగ

వేదిక_కాపలా
ఆపు. స్పాయిలర్. ఎడిట్ చేస్తున్నా. 2018 గేమ్ అయినా ఇంకా ఆడనివాళ్లున్నారు, ఈ థ్రెడ్ పెట్టినాయనే 2015ది పూర్తి చేయలేదు.

రాత్రి_రెండు
సారీ సారీ. మొత్తానికి ఏడ్చా. అది పన్నెండు గంటల గేమ్ అయ్యుంటే ఏడ్చేవాణ్ణి కాదు, ఎందుకంటే పన్నెండు గంటల్లో గుర్రం అంటే వాహనమే. పెర్సోనా 5 రాయల్ వంద గంటలు కూడా అంతే, అందులో రోజులు ఒక్కొక్కటీ గడుస్తాయి, స్కూలు, కాఫీ షాపు, పరీక్షలు, ఫ్రెండ్స్. వంద గంటలయ్యాక వదలడమంటే చదువైపోయి హాస్టల్ ఖాళీ చేసినట్టే ఉంటుంది. రాత్రైతే అందులో మనతో ఉండే పిల్లి "అలిసిపోయావ్ పడుకో" అంటుంది, మా అమ్మ కూడా అన్నిసార్లు చెప్పలేదు.

నిజామాబాద్_నింజా
ఆ పిల్లి జెయ్యబట్కే నేను గేమ్ బంద్ జేసిన

మద్రాసు_మావయ్య
మీ అందరికన్నా పెద్దవాణ్ణి కాబట్టి పాత పురాణం విప్పుతున్నా, ఓపిక ఉన్నవాళ్లే చదవండి. ఊరు నెల్లూరు, చదువూ ఉద్యోగం మద్రాసు. తొంభైల్లో మా మేనమామ బర్మా బజార్‌లో టీవీ గేమ్ కొనిచ్చాడు, దాంతోపాటు ఒక పసుప్పచ్చ క్యాసెట్, మీద 9999 ఇన్ 1 అని రాసుంది. లోపల ఉన్నవి పదో పన్నెండో, మిగతావన్నీ అవే పేరు మార్చి మళ్లీ మళ్లీ. అందులో కాంట్రా ఉంది. చేతనైనవాడు ఆడితే కాంట్రా మొత్తం అరగంటలో అయిపోతుంది. మాకు రెండు వేసవి సెలవులు పట్టింది. ఎందుకంటే మూడు లైఫులు, సేవ్ లేదు, చస్తే మళ్లీ మొదట్నుంచి, కరెంటు పోతే మళ్లీ మొదట్నుంచి, అమ్మ టీవీలో సీరియల్ పెడితే మళ్లీ మొదట్నుంచి. తర్వాత పక్క వీధి కుర్రాడొకడు అప్ అప్ డౌన్ డౌన్ లెఫ్ట్ రైట్ లెఫ్ట్ రైట్ అని ముప్పై లైఫుల మంత్రం తెచ్చాడు, వాడికి మేం ఇచ్చిన మర్యాద ఎమ్మెల్యేకి కూడా ఇవ్వలేదు. మంత్రంతో వారంలో ఫినిష్ చేశాం. చేసిన మర్నాడు ఎవరికీ ఏం చేయాలో తోచలేదు.

మారియో కూడా అంతే. 1985 గేమ్, మధ్య లెవెళ్లు దాటించే వార్ప్ పైపులు పట్టుకుని పరిగెత్తేవాళ్లు ఇప్పుడు ఐదు నిమిషాల్లోపే ముగించేస్తున్నారు. మాకు ఏడాది సరిపోలేదు. కాబట్టి గేమ్ చిన్నదే ఎప్పుడూ, పొడుగు మా చేతకానితనంలో ఉండేది. అప్పట్లో మనం చస్తాం కాబట్టి గేమ్ పెద్దదయ్యేది. ఇప్పుడు వాడు మ్యాప్ పెద్దది చేస్తాడు కాబట్టి మనం చస్తున్నాం.

కర్నూల్_క్రాటోస్
మావయ్యా ఆఖరి లైన్‌కి దండం

హాస్టల్_హీరో
మావయ్యా, మీ క్యాసెట్ 9999 ఇన్ 1 అన్నారు కదా, గంటకి రూపాయి లెక్క వేస్తే మీరే అందరికన్నా లాభపడ్డారు 😂

బగ్గుల_బస్తా
నేను ఇదే ఇండస్ట్రీలో ఉన్నా, కంపెనీ పేరు అడగొద్దు. బెళ్లందూరు దగ్గర కూర్చుని బయటి దేశాల గేములకి టెస్టింగ్ చేసేవాణ్ణి, ఇప్పుడు డిజైన్ వైపు మారా. బెంగళూరుకి ఇది కొత్తేం కాదు, ధ్రువ ఇంటరాక్టివ్ అనే గేమ్ కంపెనీ 1997లో ఇక్కడే మొదలైంది, 2019లో జీటీఏ తీసే రాక్‌స్టార్ వాళ్లే కొనేశారు. పెద్ద గేముల్లో మీరు పగలగొట్టే పీపాలు, పెట్టెలు, గోడలు చాలావరకు ఇలాంటి ఊళ్లలోనే తయారవుతాయి. కాబట్టి మ్యాప్ పెద్దదని తిట్టేటప్పుడు కొంచెం చూసి తిట్టండి, ఆ పీపా చేసినవాడు మీ పక్క సీట్లోనే మెట్రో ఎక్కి ఉండొచ్చు.

పొడుగు ఎలా పెరుగుతుందో చెప్తా. మంచి లెవెల్ ఒకటి చేయడానికి నెలలు పడుతుంది. కానీ కత్తి అప్‌గ్రేడ్‌కి 5 తోళ్లు కావాలి అన్నచోట 15 అని షీట్‌లో మారిస్తే అరనిమిషం పని, ఆడేవాడికి మూడు గంటలు పెరుగుతుంది. గ్రైండ్ (ఒకే పని పదేపదే చేయించడం) అని మనం పిలిచేదాంట్లో చాలాభాగం ఆ అరనిమిషంలో పుట్టిందే. 2018లో అస్సాసిన్స్ క్రీడ్ ఒడిస్సీలో త్వరగా లెవెల్ పెరగడానికి ఎక్స్‌పీ బూస్టర్ అని విడిగా డబ్బులకి అమ్మారు, గుర్తుందా? దారి పొడుగు చేసేదీ వాళ్లే, త్వరగా పోవాలంటే తత్కాల్ టికెట్ అమ్మేదీ వాళ్లే.

ఎందుకు చేస్తారంటే హాస్టల్_హీరో లాంటి తమ్ముళ్ల కోసమే. ట్రైలర్ కింద "వంద గంటలు" అని రాస్తే ఒకప్పుడు అమ్ముడుపోయేది. ఇప్పుడది కూడా తిరగబడుతోంది. 2022 జనవరిలో డయింగ్ లైట్ 2 వాళ్లు మా గేమ్‌లో అన్నీ పూర్తి చేయడానికి 500 గంటలు పడుతుందని గొప్పగా ట్వీట్ చేశారు. చప్పట్లు కొడతారనుకున్నారు, జనం భయపడిపోయారు. మళ్లీ వచ్చి బాబూ మెయిన్ కథ ఇరవై గంటలే, భయపడకండి అని చెప్పుకోవాల్సొచ్చింది.

పెసరట్టు64
500 గంటలు ఉద్యోగం చేస్తే జీతం ఇస్తారు

ఒక్క_లైఫు
పీఎఫ్ కూడా కట్ అవుతుంది

ప్లాటినం_తాత
@బగ్గుల_బస్తా అంతా మోసమే అన్నట్టు చెప్పకండి. పెద్ద మ్యాప్ ఇష్టంగా చేసేవాళ్లూ ఉంటారు, బాల్దర్స్ గేట్ 3 (2023) వందకి పైనే ఆడా, అందులో ఒక్క క్వెస్టైనా షీట్‌లో 5 తీసి 15 రాసినట్టుందా? గోబ్లిన్ క్యాంపుకి నువ్వు వెళ్లిన దారి వేరు, నేను వెళ్లిన దారి వేరు.

బగ్గుల_బస్తా
అదొప్పుకుంటా తాతా. కానీ అది తీయడానికి ఎన్నేళ్లు పట్టిందో, ఎంతమంది చేశారో చూడండి, మూడేళ్లు జనం ముందే ఎర్లీ యాక్సెస్‌లో, అంటే పూర్తికాకముందే అమ్మకానికి, పెట్టి దిద్దుకున్నారు. అందరికీ అంత ఓపికా డబ్బూ ఉండవు. ప్లేస్టేషన్ స్టూడియోలకి పెద్దగా ఉండి దిగిపోయిన షాన్ లేడెన్ 2020లోనే చెప్పాడు, ఖర్చులు ఇలా పెరుగుతుంటే భారీ గేములు మళ్లీ 12, 15 గంటల సైజుకి రావడం మంచిదని. ఆయన మాట ఎవడూ పెద్దగా వినలేదు.

ఒక్క_లైఫు
పన్నెండు, పదిహేను. థ్రెడ్‌లో రెండో పోస్టు ఎవరిదో చూడండి. నన్ను ప్లేస్టేషన్ చైర్మన్ చేయండి.

నిజామాబాద్_నింజా
ఫైనల్ ఫాంటసీ 13 గురించి ఎవరూ అనరేందన్నా, మా దోస్తుగాడు "ఇరవై గంటలు ఆడు, ఆడికెళ్లి మస్తుంటది" అన్నడు. ఇరవై గంటలు నేనెందుకు ఓపిక పట్టాలె? హోటల్ల బిర్యానీ పెట్టి పైనంత మాడింది, అడుగుకి పో మంచిగుంటది అంటే తింటమా?

కర్నూల్_క్రాటోస్
నింజా కుర్చీ లోంచి లేచినాడు, మంచి మాట చెప్పినాడు.

హాస్టల్_హీరో
ఒక డౌటు. గేములు అమ్మే ఆన్‌లైన్ షాపు స్టీమ్‌లో రెండు గంటల లోపు ఆడి, కొన్న 14 రోజుల్లో అడిగితే డబ్బులు వెనక్కిస్తారు కదా. మరి రెండు గంటల లోపే అయిపోయే గేమ్ కొని, ఫినిష్ చేసి, రిఫండ్ పెడితే ఫ్రీ కదా? జస్ట్ అడుగుతున్నా

పాజ్_నొక్కండి
పెళ్లిలో భోంచేసి చదివింపులు వెనక్కి అడిగినట్టుంది.

బగ్గుల_బస్తా
తమ్ముడూ జస్ట్ అడిగావ్ కాబట్టి జస్ట్ చెప్తా. 2021లో సమ్మర్ ఆఫ్ 58 అని చిన్న హారర్ గేమ్ వచ్చింది, రెండు గంటల కన్నా తక్కువ. ఆడినవాళ్లు బాగుందని రివ్యూలు రాశారు, రాసినవాళ్లలోనే బోలెడుమంది రిఫండ్ తీసుకున్నారు. చేసినతను ఇక గేములు తీయడం ఆపేస్తున్నానని ప్రకటించాడు. నిజంగా చెప్పాలంటే చిన్న గేమ్ తీసేవాళ్లందరికీ ఆ రెండు గంటల గీత తల మీద కత్తిలా ఉంటుంది. గంటన్నరకి అయిపోవాల్సిన కథకి ఇంకో అరగంట నడక కలపమని నాకు తెలిసినచోట ఒకరికి సలహా ఇచ్చారు. కలిపారు కూడా. ఆ నడక ఎందుకుందో ఆడేవాడికి ఎప్పటికీ తెలీదు.

హాస్టల్_హీరో
సరే సరే నేను చేయను. అడిగా అంతే.

మద్రాసు_మావయ్య
చారు సరిపోదని నీళ్లు కలపడం అనే విద్య సాఫ్ట్‌వేర్‌కి కూడా పాకిందన్నమాట.

రాత్రి_రెండు
చిన్నదైతే చాలు గొప్పది అన్నట్టు మాట్లాడుతున్నారు కాబట్టి ఇంకోటి. రాజి, మన పుణే వాళ్లు తీసింది, 2020. బొమ్మ అద్భుతం, మన కోటలు, మన దేవతలు, తోలుబొమ్మల మాదిరి కథ చెప్పడం, నాకు గర్వంగా అనిపించింది. ఐదారు గంటల్లో ముగుస్తుంది, ముగుస్తుంది అనడం కూడా కష్టమే, తెగిపోతుంది. ఇంటర్వెల్ బ్యాంగ్ పడింది, పాప్‌కార్న్ తెచ్చుకుందాం అని లేస్తే పేర్లు పడుతున్నాయి. దానికి ఇంకో నాలుగు గంటలుంటే ఇంకా డబ్బులిచ్చేవాణ్ణి.

పెసరట్టు64
అది నిజం. దాంట్లో తప్పు వాళ్లది అనను, డబ్బులు అంతవరకే వచ్చాయేమో. కానీ ఆకలి మీద లేచాం.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
ఇన్ని పోస్టులు చదివాక నాకు అర్థమైంది నేను ప్రశ్నే తప్పు అడిగానని. సరే ఒక పని చేద్దాం. ఈ శనివారం సాయంత్రం మా ఆవిడ కూడా ఇంట్లోనే ఉంటుంది, ఒక్క కూర్చోవడంలో అయిపోయే గేమ్ ఒకటి చెప్పండి. నేను పదేళ్లుగా ఒక్క గేమ్ చివరి పేర్లు చూడలేదు, అవి ఎలా ఉంటాయో కూడా మర్చిపోయా.

పాజ్_నొక్కండి
వాట్ రిమెయిన్స్ ఆఫ్ ఈడిత్ ఫించ్. రెండు గంటల చిల్లర. లైట్లు తీసేసి ఆడండి.

పెసరట్టు64
జర్నీ. 2012ది. రెండు గంటలు, ఒక్క మాటుండదు.

ప్లాటినం_తాత
ఎ షార్ట్ హైక్. కొండ ఎక్కడమే. నాకు రాళ్లు పేర్చడానికి లేవు, అయినా బాగుంది.

హాస్టల్_హీరో
ఎల్డెన్ రింగ్

వేదిక_కాపలా
@హాస్టల్_హీరో గోడ ఖాళీగా ఉంది.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
ఈడిత్ ఫించ్ ఆడాం. ఎనిమిదిన్నరకి మొదలుపెట్టాం, పదిన్నర దాటాక అయిపోయింది. మధ్యలో వాన, పావుగంట కరెంటు పోయింది, ఇద్దరం చీకట్లో కూర్చుని ఆ ఇంటి గురించే మాట్లాడుకున్నాం. కరెంటు రాగానే "పెట్టు పెట్టు" అంది. తను గేమ్ పెట్టు అనడం పెళ్లయ్యాక ఇదే మొదటిసారి.

ఒక్క సీను గురించి చెప్తా, కాపలా గారూ ముగింపు చెప్పను. చేపల ఫ్యాక్టరీలో ఒక కుర్రాడు. కుడి చేత్తో చేప తీసి కత్తి కింద పెట్టాలి, తల తెగాలి, పక్కకి తోయాలి, మళ్లీ చేప. అది ఆపకూడదు. అదే టైంలో ఎడమ చేత్తో వాడి ఊహలో వాడు ఒక రాజ్యంలో నడుస్తుంటాడు. మెల్లగా ఆ ఊహ తెరంతా ఆక్రమిస్తుంది, కానీ కుడి చేయి చేపలు కోస్తూనే ఉంటుంది, చూడకుండానే, అలవాటుగా. నాకు చెమట పట్టింది. రోజూ టీమ్ కాల్‌లో మ్యూట్ పెట్టుకుని నేను చేసేది అదే. ఆ సీను పది నిమిషాలో ఎంతో ఉంటుంది. బగ్గుల_బస్తా చెప్పిన షీట్‌లో ఎవడైనా 5 చేపలు 15 చేసి ఉంటే నాశనమైపోయేది.

అయిపోయాక మా ఆవిడ "అప్పుడే అయిపోయిందా?" అంది. నేను పేర్లన్నీ ఆఖరుదాకా చూశా.

పాజ్_నొక్కండి
"అప్పుడే" అన్నారు చూడండి, అక్కడ ఆగాలి ఏ గేమైనా.

రాత్రి_రెండు
నేనూ గంగ దగ్గర "అప్పుడేనా" అనుకున్నా, యాభై గంటల తర్వాత. నా పాయింట్ కూడా నిలబడిందని నమోదు చేసుకోండి.

నిజామాబాద్_నింజా
అంటే గేమ్‌ని బట్టి ఉంటదనే కదనే

ఒక్క_లైఫు
వీణ్ణి ఎవరైనా పట్టుకోండి

మద్రాసు_మావయ్య
బాధితుడూ, విచర్ సంగతేం చేశావు చివరికి?

సిల్క్‌బోర్డ్_బాధితుడు
నెల తర్వాత వచ్చి సమాధానం చెప్తున్నా, సారీ మావయ్యా. విచర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశా, ఈసారి ఊళ్లో బోర్డు మీద పక్క పనుల నోటీసులన్నీ వదిలేసి కథే ఆడదామని, ప్రతిసారీ ఆపేముందు ఫోన్‌లో రెండు లైన్లు రాసుకుందామని. గ్రిఫిన్ నాలుగోసారి చచ్చింది. తర్వాత లాప్‌టాప్ నా చేతికి రాలేదు. ఈడిత్ ఫించ్ అయ్యాక తను "ఇంకేమైనా ఉందా ఇలాంటిది, కానీ ఎవరూ చావనిది" అంది, నేను తెలివితక్కువగా పొలం చేసుకునే స్టార్‌డ్యూ వ్యాలీ పెట్టిచ్చా. ప్రస్తుతం మా ఇంట్లో రెండో ఏడు శీతాకాలం నడుస్తోంది. ఆవులు నాలుగు. వంట నాది. నిన్న రాత్రి పన్నెండింటికి ఇంక పడుకో అంటే "ఈ ఒక్క రోజు అయిపోనీ" అంది, గేమ్ లెక్కలో రోజు.

పాజ్_నొక్కండి
దానికి ముగింపంటూ లేదని చెప్పారా ఆవిడకి?

సిల్క్‌బోర్డ్_బాధితుడు
అడిగింది, ఇంకెంత ఉందని. గేమ్‌ని బట్టి ఉంటుంది అని చెప్పి కుర్చీ వేసుకున్నా.